రోలాండ్ సైన్యానికి నెవిల్ వేసిన రంగులు

నెవిల్ రాగ్ ఆ శనివారం అట్టపెట్టె చంకలో పెట్టుకుని హాల్లోకి రాగానే మేం ఆటలు ఆపేశాం. పాచికలు విసరబోతున్నవాళ్లు వాటిని అలాగే గుప్పిట్లో పట్టుకుని ఉండిపోయారు.

నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో, చర్చి వెనకాల హాలు మాది. అంటే శనివారాలు మాది. బల్లల మీద పచ్చగుడ్డ పరిచి, కొండలూ ఇళ్లూ పేర్చి, బొటనవేలంత సీసపు సైనికులతో పాత యుద్ధాలు మళ్లీ చేస్తుంటాం. అసలు యుద్ధం కన్నా ఆ బొమ్మల్ని కోసి, అతికించి, రంగులు వేసుకోవడమే మాకు పెద్ద పని. అందులో మా అందరికీ గురువు రోలాండ్ టాప్లిస్. చలికాలం మొదట్లో పోయాడు. పోయేనాటికి అతని బల్ల మీద ఒక సైన్యం సగంలో ఉంది. మాస్కో నుంచి మంచులో పడుతూ లేస్తూ వెనక్కి వస్తున్న నెపోలియన్ సైన్యం అది. కవాతు చేసే మామూలు బొమ్మల్ని తీసుకుని, ఒక్కొక్కణ్ణీ ఆకలికీ చలికీ వంగిపోయిన మనిషిగా మార్చుకుంటూ వచ్చాడు.

అంత్యక్రియలయ్యాక టీలు తాగుతుంటే నెవిల్ వెళ్లి రోలాండ్ భార్య ఏవ్రిల్ చెయ్యి పట్టుకుని, "మిగతా సగం నేను పూర్తి చేస్తాను" అన్నాడు. ఆవిడ ఆ దిగులులో తలూపింది. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నెవిల్ బతుకంతా ఇళ్ల కప్పులూ గట్టర్లూ బాగుచేసినవాడు. మనిషి బంగారం. కానీ అతను రంగు వేస్తే గుర్రమేదో రౌతెవడో చెప్పడం కష్టం. ఇప్పుడు మాలో మంచి చెయ్యి కాషాది, కట్టుడుపళ్లు చేసే చోట పని చేస్తుంది. ఆ అమ్మాయి సాయం వస్తానని ఎన్నిసార్లు అడిగినా నెవిల్ "అయిపోవచ్చింది" అనే మాట తప్ప ఇంకోటి అనలేదు.

ఆ రోజు ఏవ్రిల్ కూడా వచ్చింది, రోలాండ్ పోయాక మొదటిసారి. కోటు విప్పకుండానే టీ కప్పు పట్టుకుని గోడ పక్కన కూచుంది. నెవిల్ ఆవిణ్ణి చూసి గుమ్మంలో కాస్త ఆగాడు. తర్వాత వచ్చి పెట్టెని బల్ల మీద పెట్టి, మూత మీద మోచెయ్యి ఆనించి కూచున్నాడు.

"చూపించు మరి," అన్నాడు లాయిడ్. లాయిడ్ మా క్లబ్బు కార్యదర్శి.

"చూపిస్తా, చూపిస్తా. ఎలా జరిగిందో తెలియకుండా చూస్తే మీకేం అర్థమవుతుంది? ఎవరన్నా నాకో టీ ఇవ్వండి. రెండు చెంచాల పంచదార. హాఁ, అయితే వినండి. పెట్టె ఇంటికి తీసుకెళ్లి వంటింటి బల్ల మీద పెట్టాను. ఇక మనం పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తినాల్సిందే అని పౌలీన్‌తో చెప్పాను. మా ఆవిడ నోటితో ఏమీ అనలేదు, మిగతావన్నీ మొహంతో అంది. మొదట ఒక్క సార్జెంటుని తీసుకున్నాను. ఒక్కణ్ణే. బూడిదరంగు పూత మీద కోటుకి నీలం, పట్టీలకి తెలుపు, తర్వాత మొహం, మీసం. సాయంత్రం టీ వేళకి మనిషి తయారు. ఎక్కడా గీత దాటలేదు. అంతవరకే అయితే మీకు చెప్పేవాణ్ణే కాదు."

"ఒకణ్ణి వెయ్యడానికేముంది," అన్నాడు లాయిడ్.

"నేనూ అదే అంటున్నాను. తంటా అంతా కళ్ల దగ్గరొచ్చింది. కొట్లో ఉన్న అన్నిటికన్నా సన్న బ్రష్షు తెచ్చాను, తీరా చూస్తే చీపురులా ఉంది. ఇలా కాదని మా పిల్లి సుల్తాన్ కనురెప్ప నుంచి ఒక్కటంటే ఒక్క వెంట్రుక, వాణ్ణి అడిగే తీసుకున్నాన్లే, తీసి అగ్గిపుల్లకి కట్టి దాంతో కనుపాప వేశాను. వేశాక చూస్తే ఏదో వెలితిగా అనిపించింది. అందుకని ఆ కనుపాపలో చలిమంట వేశాను. ఆ మంట చుట్టూ కూచున్న మనుషుల్ని వేశాను. అందులో ఒకడు పైపు కాలుస్తున్నాడు."

"పైపులోంచి పొగ వచ్చిందా?" అంది కాషా.

"రెండో పూతకి వచ్చింది, తల్లీ. ఆ తర్వాత కోతలు మొదలుపెట్టాను."

"అది మాకు తెలుస్తూనే ఉంది," అన్నాడు లాయిడ్.

"బొమ్మల కోతలయ్యా. నిటారుగా నిలబడ్డవాణ్ణి మంచులో కాళ్లీడ్చేవాడిగా మార్చాలంటే మోకాలి దగ్గర రంపం పెట్టాలి, నడుం వంచాలి, తల కోసి పక్కకి తిప్పి అతికించాలి. పసుపు ముద్దా నీలం ముద్దా కలిపి పిసికితే వస్తుందే, ఆ పచ్చ పుట్టీ, దాంతో సందులన్నీ పూడ్చి మీద కోటు మడతలు దిద్దాలి. కాళ్లకి చుట్టుకోను పీలికలు కావాలి కదా, వాడేసిన టీ సంచుల కాయితం చింపి జిగురులో ముంచి చుట్టాను. పాపం వాళ్లకి మత్తుమందా ఏమన్నానా? రంపం పెట్టే ముందు ఒక్కొక్కడి చెవిలో 'కళ్లు మూసుకో నాయనా' అని చెప్పేవాణ్ణి. చాలామంది మూసుకున్నారు. అందుకే కొందరికి కళ్లు వెయ్యాల్సిన పని పడలేదు."

అంతా నవ్వారు. ఏవ్రిల్ నవ్వలేదు.

"ఎంతమందిని కోశావు, నెవిల్?" అంది.

"అందర్నీ."

"రోలాండ్ పూర్తి చేసినవాళ్లని కూడానా?"

నెవిల్ టీ ఒక గుక్క తాగాడు. "వాళ్లనీ అక్కడక్కడ కాస్త సవరించాను."

కాషా కళ్లు మూసుకుంది. లాయిడ్ చెయ్యి చాచి పెట్టె మూత అంచు పట్టుకోబోయాడు గానీ నెవిల్ రెండో మోచెయ్యి కూడా దాని మీదికి తెచ్చాడు.

"ఆగు, అసలు కథ ఇంకా రానేలేదు. మొహాల్లో ఆకలి ఎంత బాగా కుదిరిందంటే, పౌలీన్ వాళ్లెదురుగా బేకన్ వేయించలేకపోయింది. వీపు తిప్పి వేయించేది. చివరికి ఉండబట్టలేక బఠాణీలు మెత్తగా ఉడకబెట్టి, పుదీనా సాసు కలిపి, ఒక సాసర్లో వాళ్ల ముందు పెట్టింది. పొద్దున లేచి చూస్తే సాసరు కడిగి బోర్లించి ఉంది."

"పిల్లి తినుంటుంది," అంది కాషా.

"సుల్తానా? వాడు అప్పటికే పక్కింటికి మకాం మార్చేశాడు. ఆ సైన్యం దారి పొడుగునా గుర్రాల్ని కోసుకు తిన్న సైన్యం, తల్లీ. అందులో పొడుగు టోపీవాడొకడు సుల్తాన్ని తోక నుంచి తల దాకా కొలతలు తీసుకున్నట్టు చూశాడు. ఆ చూపు నేను వేసిందేగా, ఎవర్నని ఏం లాభం? సరే, అది పోనివ్వండి. తర్వాత ఏమైందో తెలుసా? మంచు వేశాను. వంటసోడా, జిగురు, అందరూ చేసేదే. కానీ అందరూ మంచుని తెల్లగా వేస్తారు, అక్కడే చెడతారు. మంచు నీడలో నీలం ఉంటుంది. ఆ నీలం నాకు చెయ్యి తిరిగి కాస్త ఎక్కువ బాగా కుదిరింది. మర్నాటికి కుళాయి బిగుసుకుపోయింది. సీసాలో పాలు గడ్డకట్టాయి. కిటికీకి లోపలి వైపు మంచు పట్టింది. బాయిలర్ మనిషిని పిలిస్తే, వచ్చి పళ్లు టకటకలాడిస్తూ అన్నీ విప్పి చూసి, 'బాయిలర్‌కి ఏ రోగమూ లేదండీ, ఆ బల్ల మీద రష్యాని తీసేయండి, అదే సర్దుకుంటుంది' అన్నాడు. తీస్తానా? తియ్యలేదు. పక్కింటివాళ్లు మాత్రం ఫ్రిజ్ కట్టేసి వాళ్ల చేపలన్నీ మా వంటింట్లో పెట్టుకున్నారు."

"మార్చిలోనా?" అన్నాడు లాయిడ్.

"మార్చి మా గుమ్మం బయట. లోపల డిసెంబరే. ఆ చలికి డోలు వాయించేవాడికి దగ్గు పట్టుకుంది. చిన్న దగ్గే, చీమ తుమ్మినట్టు, కానీ ఆగదు. నాకు భయం వేసి డాక్టరు దగ్గరికి ఫోన్ చేశాను. అక్కడ ఫోన్ తీసిన అమ్మాయి వాడి పుట్టిన తేదీ అడిగింది. పదిహేడు వందల తొంభై, నెల సరిగా తెలియదు అన్నాను. చిటికెలో రాసుకుంది. రాసుకుని, వచ్చే నెల దాకా ఖాళీల్లేవండీ, ఈలోగా వేడినీళ్లు తాగించండి అంది."

అది నిజమై ఉంటుందని హాలు హాలంతా నవ్వింది. నెవిల్‌కి హుషారొచ్చింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పెట్టె మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే బల్ల ఖాళీ. ఒక్కడు లేడు. చక్కెర డబ్బా దగ్గర అడుగుల జాడ, బల్ల కాలి వెంట దిగిన తాడు, పిల్లి తలుపు ఇంకా ఊగుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. వెనక్కి నడిచే సైన్యంగా చేశాను, నడిచిపోయారు. ఇంటికి బయల్దేరారు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. జాడ చూసుకుంటూ చిల్‌వెల్ రోడ్డు దాకా వెళ్లేసరికి రాత్రి వానకి రోడ్డు పక్కన నీళ్లు పారుతున్నాయి. మనకది ఒక్క అంగ. వాళ్లకి ట్రెంట్ నది వరద మీదున్నట్టు. ఒడ్డున ఫిరంగులూ బళ్లూ ఇరుక్కుపోయాయి, వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లని తోసేస్తున్నారు. చూస్తూ ఊరుకోలేం కదా. గట్టర్ల సంగతి నాకు కాక ఎవరికి తెలుసు? రోడ్డు మీద బోర్లా పడుకుని, నీళ్ల మీదుగా ఈ చెయ్యి చాచాను. సైన్యమంతా నా చేతి మీంచి దాటింది. ఫిరంగి ఒకటి దారి తప్పి చొక్కా చేతిలోకి దూరింది. ఇదిగో, గీత."

చొక్కా పైకి లాగి చూపించాడు. లాయిడ్ కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

"గులాబి ముల్లు గీరుకున్నట్టుందే."

"ఫిరంగి చక్రానికీ గులాబి ముల్లుకీ తేడా తెలియని నువ్వు కార్యదర్శివి. సరే, అవతలి ఒడ్డు చేరి అంతా ట్రామ్ స్టాపులో నిలబడ్డారు. బారులు తీరి, వరస తప్పకుండా. ఫ్రెంచివాళ్లయినా నేను పెంచినవాళ్లు కదా. ట్రామ్ వచ్చింది, టికెట్లాయన దిగాడు. ఇంతమందికి టికెట్లేవీ అన్నాడు. వీళ్లంతా రెండు వందల ఏళ్లు దాటినవాళ్లండీ, ముసలివాళ్ల ఉచిత పాసు వీళ్లకి వర్తిస్తుంది అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, మాట నిజమేనండీ, కానీ ఆ పాసు పొద్దున తొమ్మిదిన్నర తర్వాతే చెల్లుతుంది అన్నాడు."

"చెల్లదు మరి," అన్నాడు లాయిడ్. అతను రిటైరయ్యే దాకా బస్సు నడిపినవాడు.

"అందుకేగా వాళ్లు దొరికింది. ఆ తొమ్మిదిన్నర నిబంధనే లేకపోతే ఈపాటికి ప్యారిస్‌లో ఉండేవాళ్లు. ట్రామ్ వెళ్లిపోయింది, వాళ్లు ఆగిపోయారు. అప్పుడు వాళ్ల సేనాని, మార్షల్, గుర్రం దిగి నా దగ్గరికొచ్చాడు. పేరు చెప్పను, కుటుంబం ఉంది వాళ్లకి. వచ్చి నా బూటు ముందు నిలబడి..."

"చెప్పులే లేవన్నావు," అంది కాషా.

"నా కాలి ముందు నిలబడి కత్తి దూసి, పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు. లొంగిపోయాడన్నమాట. ఫ్రెంచిలో మాట్లాడాడు. నాకా భాష రాదు, కానీ అన్నాళ్లు ఫ్రెంచి మీసాలు వేశాక అర్థం కాకుండా ఎలా ఉంటుంది? 'అయ్యా, నువ్వు పిలిస్తే మేం వెనక్కి వస్తాం. ఒక్క మాట చెప్పు. మాకు మొదట ప్రాణం పోసినాయన ఎక్కడ? పని చేస్తూ సన్నగా ఈల వేసేవాడు, వేస్తూ వేస్తూ మధ్యలో మర్చిపోయేవాడు, ఆయన,' అని..."

నెవిల్ ఆగాడు.

టీ కోసం ఆగాడనుకున్నాం. కప్పు ఖాళీగానే ఉంది. అతను మూత వంక చూస్తూ ఉండిపోయాడు. కోతలు కోసేటప్పుడు నెవిల్ మాట కోసం వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. కథ తన దారిన తను పరిగెత్తి, అతను రాకూడదనుకున్న గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టినట్టుంది.

"ఏం చెప్పావు?" అంది ఏవ్రిల్.

"చెప్పాను," అన్నాడు నెవిల్ నెమ్మదిగా. "ఆయన ముందు వెళ్లాడన్నాను. రాత్రికి బస చూడ్డానికి. గాలి తగలని చోటు చూసి, మంట వేసి ఉంచుతాడు, మీరు తొందరపడకుండా రండి అన్నాను."

 

ఏవ్రిల్ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి లేచి వచ్చింది. "చేతులు తియ్యి, నెవిల్," అంది.

అతను తీశాడు. ఆవిడ మూత ఎత్తింది. మేమంతా మెడలు చాచాం. నిజం చెప్పాలంటే నాకు చూడాలనిపించలేదు. ముప్ఫై ఏళ్ల స్నేహితుడి ఆఖరి పని మీద ఆ గట్టర్ల చెయ్యి తిరిగితే ఎలా ఉంటుందో అంత్యక్రియల నాటి నుంచీ ఊహించుకుంటూనే ఉన్నాను.

లోపల మెత్తటి స్పాంజి పలక. దాంట్లో ఒక్కొక్క సైనికుడికీ వాడి ఆకారానికి తగ్గట్టు కోసిన గూడు. చాచిన చెయ్యికి చెయ్యంత చోటు, వంగిన తుపాకీకి తుపాకీ అంత చోటు. ఆ గూళ్లలో సైన్యం పడుకుని ఉంది. సగం మందికి రోలాండ్ వేసిన రంగులు. తక్కిన సగం బూడిదరంగు పూతలో, కొందరు ఉత్త సీసంలో, కొందరు మెడల మీద పచ్చ పుట్టీతో.

కాషా మెడలో వేలాడే భూతద్దం తీసి ఒక వరస చూసింది. ఇంకో వరస చూసింది. చూస్తున్నకొద్దీ ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగాయి.

"కొత్త రంగు లేదు," అంది. "ఎక్కడా లేదు. ఒక్క చుక్క కూడా."

"నెవిల్," అన్నాడు లాయిడ్, "నువ్వు అసలు బ్రష్షే ముట్టుకోలేదు కదయ్యా."

నెవిల్ పైకప్పు వంక చూస్తున్నాడు, అక్కడేదో పెంకు జారినట్టు.

ఏవ్రిల్ కుర్చీలో కూలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. మొదట ఏడుస్తోందనుకున్నాం. తర్వాత చూస్తే నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతోంది.

"వీటిని అడిగి తీసుకుపోదామనే వచ్చాను," అంది. "ఆ రోజు ఏం అడిగావో, నేనేం చెప్పానో నాకే తెలియదు. ఇంటికెళ్లాక తెలిసింది. అప్పట్నుంచి ఫోన్ తియ్యడం, పెట్టెయ్యడం. నీ మనసు కష్టపెట్టలేను, ఇవి పోయినా ఉండలేను. ఇందాక నువ్వు 'అందర్నీ కోశాను' అంటుంటే నా గుండె ఆగినంత పనైంది. దేవుడా, ఒక్కణ్ణి కూడా ముట్టుకోలేదు."

ఆవిడ గూట్లోంచి ఒకణ్ణి తీసింది. మీద శాలువా కప్పుకుని గాలికి ఎదురుగా వంగిన మనిషి. శాలువా ఇంకా పచ్చ పుట్టీయే, రంగు పడలేదు. దాన్ని వెలుతురుకి తిప్పి చూస్తూ ఆగిపోయింది. తర్వాత మాకూ చూపించింది. శాలువా మడత వీపు మీదికి వచ్చిన చోట, నున్నగా చెయ్యడానికి నొక్కినప్పుడు పడ్డ వేలిముద్ర ఉంది. సన్నటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి, అన్నీ స్పష్టంగా. పుట్టీ అలాగే గట్టిపడిపోయింది.

"రోలాండ్‌ది," అంది.

నెవిల్ ఆ బొమ్మ వంక చూశాడు. "మొదట తీసింది వాణ్ణే. బ్రష్షు ముంచి పట్టుకున్నాను కూడా," అన్నాడు. అంతే అన్నాడు.

కాసేపటికి లాయిడ్ తేరుకున్నాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే మేమంతా ముక్కులు చీదుకునేట్టున్నాం.

"మరి బఠాణీలూ, మంచూ, ట్రామూ? అన్ని రోజులు ఆ వంటింట్లో ఏం చేశావయ్యా? ఒక్కడికీ రంగు వెయ్యలేదుగా."

నెవిల్ అతని వైపు జాలిగా చూశాడు. చూస్తుండగానే పాత నెవిల్ తిరిగొచ్చాడు. వీపు నిటారైంది, గడ్డం పైకి లేచింది. అది చూశాక గానీ అన్నాళ్లూ మేమెంత బిగబట్టుకుని ఉన్నామో మాకు తెలియలేదు.

"వెయ్యలేదని ఎవరన్నారు?" అన్నాడు. "అందరికీ వేశాను. తల నుంచి కాలి దాకా. రోలాండ్ వదిలినచోట ఎలా ఉందో అచ్చం అలాగే వేశాను. బూడిదరంగు ఉన్నచోట బూడిదరంగు, పచ్చ ఉన్నచోట పచ్చ. భూతద్దం పెట్టి చూసినా నా చెయ్యి పడ్డట్టు తెలియకూడదని వేశాను. తెలిసిందా మీకు? తెలియలేదు. పనితనమంటే అదీ."

లాయిడ్ తల అడ్డంగా ఊపుతూ టీ తేవడానికి వెళ్లాడు.

ఏవ్రిల్ శాలువావాణ్ణి వాడి గూట్లో పడుకోబెట్టి, మూత వేసి, అప్పుడు కోటు గుండీలు విప్పుకుంది.

"నిజమే, నెవిల్," అంది. "ఇంత బాగా ఇంకెవరూ వేసేవాళ్లు కాదు."